నీళ్ళలో ఏమున్నది?



మన యౌవనస్థులు సెల్‌ఫోన్లలో వింటూ, చూస్తూ ఉన్న ఒక ఆంగ్ల పాటను గూర్చి నాలుగు మాటలు వ్రాస్తున్నాము. పాట పేరు ‘సమ్‌థింగ్ ఇన్ ద వాటర్’. నీళ్ళలో ఏదో ఉన్నదని దాని అర్థము. పాడినది క్యారీ అండర్‌వుడ్. ఈమె అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రపు చెకోటా అను చిన్న ఊరిలో పెరిగి, చిన్నతనములో సంఘములో పాడి, 2005లో ‘అమెరికన్ ఐడల్’ అను టెలివిజన్ పోటీలో గెలిచినది. ఈ పాటను మరి ఇద్దరితో కలిసి వ్రాసి 2014లో విడుదల చేసినది. దీనిని కంట్రీ సంగీతమంటారు. అంటే అక్కడి దక్షిణాది పల్లెలలో గిటారు, ఫిడేలు, బాంజోల మధ్య పెరిగిన పాట. కష్టము, తాగుడు, ఇల్లు, ప్రార్థన అన్నీ అందులో ఒకే గొంతుతో వస్తాయి.

పాటలోని కథ చిన్నది. దారి తోచని ఒక మనిషికి మరొకడు తన బ్రతుకు బాప్తిస్మముతో ఎట్లు మారినదో చెప్తాడు. మొదట ఆమె పట్టించుకోదు. కొన్ని దినములకు ఒక రాత్రి ఆ మాట గుండెను తాకుతుంది. ఆమె కూడా నీళ్ళలో దిగి మారిన మనిషిగా లేస్తుంది. చివర ‘అమేజింగ్ గ్రేస్’ కీర్తన వచ్చి కలుస్తుంది. వీడియో తీసినది రాజ్ కపూర్ అను దర్శకుడు (మన హిందీ సినిమాల రాజ్ కపూర్ కాదు, ఆయన 1988లోనే గతించినారు). నీరు, నాట్యము, వెలుగు కలిపి చూచేవారి కన్ను కదలకుండా చేసినాడు. ఈ పాట కంట్రీ పాటల పట్టికలోను, క్రైస్తవ పాటల పట్టికలోను మొదటి స్థానమునకు వచ్చినది. 2015లో గ్రామీ బహుమానము కూడా పొందినది.

ఇది బజారు పాట, మనకెందుకు అని కొందరు పెద్దలు అంటున్నారు. ఆ మాట మాకు సమ్మతము కాదు. పురుషోత్తమ చౌధరిగారు కీర్తనలు కట్టిన కర్ణాటక రాగములు మన మందిరములలో పుట్టినవా? 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ చిత్రములో మోదుకూరి జాన్సన్‌గారు వ్రాయగా బాలసుబ్రహ్మణ్యంగారు పాడిన సిలువ పాట సినిమా హాలు నుండే మన ఆరాధనలోనికి నడిచి వచ్చినది. టిక్కెట్టు కొని విన్నవారి కన్నీరు అబద్ధమని ఎవరు చెప్పగలరు? ముంచుట ద్వారా ఇచ్చే బాప్తిస్మమును గూర్చి ఒక పాట లోకమంతా వినడము మనకు సంతోషమే.

మమ్మును ఆలోచింపజేసినది వేరొక సంగతి. ఈమధ్య బాప్తిస్మము పొందిన ఒక యౌవనస్థుడు, ఈ వీడియోను ఎన్నోసార్లు చూచినవాడు, మా యొద్దకు వచ్చి, “అంకుల్, పాటలో ఆమెకు ఏదో అయింది. నేను లేచినప్పుడు చెవుల్లో నీళ్ళు పోవడం తప్ప నాకేమీ కాలేదు. నా బాప్తిస్మం చెల్లదా?” అని అడిగినాడు. నవ్వు వచ్చే మాటే. అయితే అతని ముఖము చూచినవారు నవ్వలేరు. మారుమనస్సు పొందినానని పది మంది యెదుట చెప్పినవాడు, ఇంటికి పోయి తాను అబద్ధికుడనేమో అని రాత్రులు భయపడుచున్నాడు.

బాప్తిస్టులమైన మనము నీళ్ళలో ఏమీ లేదనే బోధిస్తాము. ఇక్కడ చంద్రపూర్‌లో ఇరై నదికి పోయినా, మందిరములో కట్టించిన తొట్టిలో కుళాయి నీరు నింపినా అవి నీళ్ళే. నయమాను ఈ మాటే అన్నాడు. యొర్దాను కంటే దమస్కు నదులు మంచివి కావా అని కోపపడినాడు. నీళ్ళ లెక్క ప్రకారము అతని వాదము తప్పు కాదేమో. అతని శరీరము బాగుపడినది నీళ్ళ మంచితనము చేత కాదు, పంపినవాని మాటకు లోబడినందుకు.

ఇక అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయము చూడండి. అందులో ఫిలిప్పు సువార్త వలన బాప్తిస్మము పొందినవారిలో ఇద్దరున్నారు. గారడీవాడైన సీమోను బాప్తిస్మము పొంది కూడా పరిశుద్ధాత్మ వరమును డబ్బుతో కొనజూచినాడు. ఐతియొపీయుడైన నపుంసకుడు సంతోషించుచు తన దారిన వెళ్ళినాడు. సువార్త ఒకటే, బోధకుడొకడే. నీళ్ళలో ఏదో ఉంటే ఇద్దరికీ అంటవలసినదే గదా. ఐతియొపీయుని సంతోషము నిజమైనదే. అట్టి సంతోషము కలిగినవారిని మేము తక్కువ చేయము. కాని అది కలుగనివానికి బాప్తిస్మము లేదని వాక్యము ఎక్కడ చెప్పినది?

ఆ పాట తన చివర పెట్టుకొన్న కీర్తనే దీనికి జవాబు చెప్తున్నదని మాకు తోచినది. ‘అమేజింగ్ గ్రేస్’ వ్రాసిన జాన్ న్యూటన్ 1748లో అట్లాంటిక్ సముద్రములో తుపాను నడుమ దేవునికి మొఱపెట్టినాడు. తన మారుమనస్సు ఆ దినమున మొదలైనదని జీవితాంతము చెప్పుకొన్నాడు. మరి ఆ తరువాత ఏమి చేసినాడు? ఆఫ్రికా మనుష్యులను బానిసలుగా మోసుకుపోయే ఓడలకు నాయకుడై 1754 వరకు ఆ వ్యాపారములోనే ఉన్నాడు. ప్రార్థన చేసుకొంటూనే, క్రింద సంకెళ్ళలో మనుష్యులను పెట్టుకొని ప్రయాణము చేసినాడు. ఆ వ్యాపారము పాపమని బహిరంగముగా పుస్తకము వ్రాసినది 1788లో. తుపానుకు, ఆ పుస్తకమునకు మధ్య నలువది సంవత్సరములు. సముద్రమంత నీరు కూడా ఒక్క రాత్రిలో అతనిని కడిగివేయలేదు. ఆ నలువది ఏండ్లు వీడియోలో పట్టవు. మునుగుట, లేచుట కనబడతాయి. మధ్య కాలమును కత్తిరించకపోతే పాట సాగదు. అది పాట తప్పు కాదు. పాటను కొలబద్దగా పట్టుకొని తన్ను తాను కొలుచుకొంటేనే చిక్కు.

మన తాతల కథ కూడా ఇటువంటిదే. 1876-78 నాటి గొప్ప కరవులో ఒంగోలులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు తీసుకొని ఆకలిగొన్నవారికి పని ఇచ్చినారు. ఆ దినములలో వేలమంది బాప్తిస్మము ఇమ్మని అడిగినారు. ఆయన ఇవ్వలేదు. కూలి కొరకు వచ్చినవారెవరో, ప్రభువు కొరకు వచ్చినవారెవరో తెలియవలెనని పదిహేను నెలలు ఆపినారు. కరవు సహాయము ముగిసిన తరువాత కూడా వారు వచ్చినారు. 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందినారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా దిగి ఇచ్చినారు. దిగినవారు ఒడ్డుకు వచ్చి ఏమి అనుభవించినారో ఎవరు అడిగినారు? మాలమాదిగలని ఊరి వెలుపల నిలిపిన ఆ జనులు చచ్చిన గొడ్డు మాంసము, సారాయి మానుకొన్నారా, పిల్లలను బడికి పంపినారా అన్నదే వారి తరువాతి ఏండ్లు చెప్పిన సాక్ష్యము. ఉపాధ్యాయ శిక్షణలో మాకు చెప్పిన మాట ఒకటి ఇక్కడ పనికి వస్తుంది: పాఠము బాగుగా ఉన్నదని పిల్లవాడు తల ఊపిన దినమున పరీక్ష పెట్టవద్దు, సెలవుల తరువాత పెట్టు.

కాబట్టి ఆ యౌవనస్థునికి, నీ బాప్తిస్మము చెల్లుతుందని చెప్పినాము. ఇంట్లో అన్నతో రెండేండ్లుగా మాటలు లేవని తానే ఒప్పుకొన్నాడు. ముందు అక్కడికి పొమ్మన్నాము. వెళ్ళినాడు. అన్న ఇంకా సరిగా పలుకలేదట. వాడు మళ్ళీ వెళ్తున్నాడు.

రాబోయే బాప్తిస్మపు ఆరాధనలో ఈ వీడియోను గోడ మీద ప్రదర్శించవలెనని యౌవనస్థులు కోరినారు. బాప్తిస్మమునకు ముందు వద్దని, భోజనముల తరువాత చూపవచ్చునని మా అభిప్రాయము. న్యూటన్ సంగతి కూడా ఎవరైనా లేచి చెప్పవలెను. నీళ్ళ యొద్ద మాత్రము అందరి నోటికి వచ్చే కీర్తన పాడుదము. మంచి గాయని పాడుతుంటే మనము చూస్తాము. ఒడ్డున మనమే పాడుతుంటే, శ్రుతి తప్పినా, నీళ్ళలో దిగినవానికి తన సంఘము వినబడుతుంది.

దీనికి ఒక అడ్డు ఉన్నది. మరాఠీ బడిలో చదివిన మన పిల్లలలో చాలామంది తెలుగు మాట్లాడతారు గాని చదువలేరు. కీర్తనల పుస్తకము చేతికిస్తే తలక్రిందులుగా పట్టుకొన్నవారు కూడా ఉన్నారు. అందుచేత బాప్తిస్మపు కీర్తనలను దేవనాగరి అక్షరములలో వ్రాయించి పంచవలెనని నిర్ణయించినాము. ఆ పని ఆ యౌవనస్థునికే అప్పగించినాము. ఇప్పటికి పదకొండు అయినవి.