మ్రొక్కు ఒకరిది, చెల్లింపు ఒకరిది

తెలుగుదేశమున మ్రొక్కు లేని యిల్లు అరుదు. బిడ్డకు జ్వరము తగిలి మూడుదినములైనను దిగకున్నచో తల్లి పసుపుగుడ్డలో నొక రూపాయిబిళ్ల ముడివైచి దేవుని పటముక్రింద నుంచును. పైరునకు తెగులు తగిలినను, కోర్టున వ్యాజ్యము పడినను, కూతురికి సంబంధము కుదరకున్నను ఏడుకొండలవైపు తిరిగి చేతులు జోడించుట తాతముత్తాతలనాటి యలవాటు. ఆ కొండమీది స్వామికి ఆపదమ్రొక్కులవాడను పేరును, వడ్డికాసులవాడను పేరును మనవారే పెట్టుకొనిరి. తన పెండ్లికై కుబేరునియొద్ద అప్పుచేసి, దానికి వడ్డి కట్టుటకే భక్తుల కానుకలు గైకొనుచున్నాడని కథ. అప్పుబాధ యెరిగిన దేవుడు మన బాధయు నెరుగునని రైతునకు తోచుటలో వింత లేదు.

దేవునితో బేరమాడుట భక్తి యెట్లగునని మ్రొక్కును పరిహసించువారు కలరు. నేనా పరిహాసమున చేరజాలను. ఆపద వచ్చినప్పుడు మనుష్యుడు మొరపెట్టుకొనక యేమి చేయును? గీతయందు భగవంతుడు తన్ను భజించువారిని నాలుగు తెగలుగా చెప్పుచు ఆర్తునే మొదట పేర్కొనెను. జ్ఞానిని మెచ్చుకొన్నను మిగిలినవారిని త్రోసివేయలేదు, అందరును ఉదారులే యనెను. మరియు, ఎన్నడును చేయి విడువని పిసినారిచేత ఒక్కదినమైనను నలుగురికి అన్నము పెట్టించినది పెక్కుచోట్ల మ్రొక్కే. "ఆపదమ్రొక్కులు, సంపదమరపులు" అని మన సామెత యెగతాళి చేసినది అడుగుటను గాదు, మరచుటను.

నేను విచారింపదలచినది వేరొక సంగతి. మ్రొక్కుకొన్నవా డొకడును, చెల్లించువాడు మరియొకడును అయినప్పుడు ఆ మ్రొక్కు ధర్మమగునా?

ఇది యెక్కడనో యున్న ప్రశ్న గాదు. కొడుకునకు ఉద్యోగమైనచో కోడలి తలనీలాలు సమర్పింతునని అత్తగారు మ్రొక్కుకొనును. కోడలికి ఆ మాట కొండమీద కల్యాణకట్ట యెదుట నిలిచినప్పుడు తెలియును. ఆమె మూడు కత్తెరలతో సరిపుచ్చుకొందునన్నచో దేవునికి కోపము వచ్చునని చుట్టు నిలిచినవారు భయపెట్టుదురు. యజమాని తన వ్యాపారము కుదుటపడినందుకు అన్నదానము చేయించును. ఆ గుండిగలు మోసిన కూలివానికి రెండునెలల జీతము బాకీ యుండును. భర్త తన మ్రొక్కు చెల్లించుటకు భార్య పుస్తెలతాడు కుదువబెట్టును. ఇట్టివాని నన్నిటిని మనము భక్తియనియే పిలుచుచున్నాము. తల్లి తన ఉపవాసము తానుండుటకును, తన బిడ్డను ఉపవాసముంచుటకును గల భేదము మనకు కనబడకపోవుచున్నది.

ఈ ప్రశ్నను మన పెద్దలు మనకంటె చాల ముందే, మనకంటె చాల నిర్దయగా వేసికొనిరి. ఐతరేయ బ్రాహ్మణమున శునశ్శేపుని యుపాఖ్యానము కలదు. హరిశ్చంద్రునికి నూర్గురు భార్యలున్నను కొడుకు కలుగలేదు. నారదుని సలహామీద వరుణుని ప్రార్థించి, కొడుకు పుట్టినచో వానితోనే నిన్ను యజింతునని మ్రొక్కుకొనెను. రోహితుడు పుట్టెను. వరుణుడు వచ్చి యడిగెను. పదిదినములు గడవనిమ్మని రాజు చెప్పెను. పదిదినములైన పిదప పండ్లు రానిమ్మనెను. వచ్చిన పిదప అవి ఊడనిమ్మనెను. ఊడిన పిదప మరల మొలవనిమ్మనెను. మొలచిన పిదప, క్షత్రియకుమారుడు గదా, ఆయుధము పట్టనిమ్మనెను. ఈ వాయిదాలను చదివినప్పుడు నాకు నవ్వు వచ్చును, వెంటనే దుఃఖమును కలుగును. మ్రొక్కుకొన్ననాడు కొడుకొక మాట మాత్రమే; ఇప్పుడు వాడు పాలపండ్లతో నవ్వుచున్నాడు.

తుదకు రాజు సంగతి కొడుకునకు చెప్పెను. రోహితుడు వలదని, విల్లు తీసికొని అడవికి పోయెను. మ్రొక్కు చెల్లింపని హరిశ్చంద్రునికి ఉదరము ఉబ్బిపోయెను. ఆరవయేట రోహితునికి అడవిలో ఆకలిచే మాడుచున్న అజీగర్తుడను ఋషి కనబడెను. ఆయనకు ముగ్గురు కొడుకులు. నూరు గోవుల నిత్తును, ఒకని నిమ్మని రోహితు డడిగెను. తండ్రి పెద్దవానిని విడువననెను. తల్లి చిన్నవానిని విడువననెను. నడిమివాడైన శునశ్శేపుడు అమ్ముడుపోయెను. చూడుడు: మ్రొక్కు హరిశ్చంద్రునిది, అది రోహితునిపై పడెను, రోహితుడు దానిని దులుపుకొని, తనకంటె దిక్కులేనివానిపై వైచెను. మ్రొక్కు ఎప్పుడును పల్లమునకే పారును. చెల్లింపవలసినవాడు కాదనగల బలముగలవా డైనచో అది వానిని దాటి, కాదనలేనివానియొద్ద ఆగును.

యజ్ఞశాలయందు విశ్వామిత్రుడు, జమదగ్ని, వసిష్ఠుడు, అయాస్యుడు ఋత్విక్కులు. ఇందరు మహర్షులుండియు ఆ బాలుని స్తంభమునకు కట్టుటకు ఎవ్వరును ముందునకు రాలేదు. మరి నూరు గోవుల నిచ్చినచో నేనే కట్టుదునని అజీగర్తు డనెను. కట్టెను. వధించువాడును దొరకలేదు. మరి నూరు గోవులకు తండ్రియే కత్తి నూరుచు వచ్చెను. శునశ్శేపుడు దేవత లొక్కొక్కరిని స్తుతింపసాగెను. తుదకు ఉషస్సును స్తుతించుచుండగా ఒక్కొక్క ఋక్కుతో ఒక్కొక్క పాశము సడలెను, రాజు ఉదరమును తగ్గెను. చివరి ఋక్కుతో కట్లన్నియు విడిపోయెను, రాజు ఆరోగ్యవంతు డయ్యెను. చెల్లింపు జరుగలేదు, రోగము మాత్రము కుదిరెను. వరుణుడు మరల వచ్చి బాకీ యడిగినట్లు ఆ కథలో లేదు. అజీగర్తుడు మాత్రము కొడుకును తిరిగి రమ్మని పిలిచెను. కత్తి చేతబట్టిన తండ్రియొద్దకు ఆ బాలుడు పోలేదు. విశ్వామిత్రుడు వానిని దేవరాతుడను పేర తన కొడుకుగా గైకొనెను.

ఇచ్చట తెలుగు చదువరులకు ఒక మాట. విశ్వామిత్రుని నూర్గురు కొడుకులలో పెద్దలైన యేబదిమంది ఈ దత్తతను ఒప్పుకొనక శాపమునకు లోనైరి. వారి సంతతివారిలో పుండ్రులు, శబరులు, పుళిందులతోపాటు ఆంధ్రులను చెప్పిరి. ఆంధ్ర నామము కనబడు మిక్కిలి ప్రాచీనములైన తావులలో నిది యొకటి. ఆ పేరచట గౌరవముతో రాలేదు గాని, మ్రొక్కుబడికి అమ్ముడుపోయిన బాలుడొకడు ఇల్లు వెదకుకొను కథతో మనకు పుట్టుకనుండియు చుట్టరికము కలదని తెలిసికొనుట మంచిది.

జాతరలలో మేకను బలి యిచ్చుటకు ముందు దాని వీపున నీళ్లు చల్లుట మీరు చూచియుందురు. చన్నీరు పడగనే మేక యొడలు జలదరించును. అది సమ్మతించెనని అందరును సంతోషింతురు. జలదరింపకున్నచో మరల చల్లుదురు. ఈ యాచారము నన్ను చిరకాలము ఆలోచింపజేసినది. సమ్మతి లేనిదే యొకరి ప్రాణమును మన మ్రొక్కునకు చెల్లింపరాదని ఆ గ్రామస్థులకు తెలియకున్నచో నీళ్లేల చల్లుదురు? ధర్మము వారికి తెలిసినది. దానిని తప్పించుకొను ఉపాయమును తెలిసినది. దేవాలయములయందు జంతుబలిని నిషేధించుచు మద్రాసు రాజ్యమున 1950వ సంవత్సరమున చట్టము చేసిరి; ఆ చెంబెడు నీళ్లు ఎప్పటినుండియో ఆ మాటనే చెప్పుచుండెను.

మేకతో ముగిసినచో కొంత మేలు. ఇంట వ్యాధి వచ్చినదని, పశువులు చచ్చుచున్నవని ఎల్లమ్మకు ఆడుబిడ్డను విడిచినవారు మన జిల్లాలలో నుండిరి. తెలంగాణమున ఆ బాలికను జోగినియనిరి, రాయలసీమలో బసివియనిరి. మ్రొక్కుకొన్నది తల్లిదండ్రులు, మెడలో తాళి కట్టబడినది ఏడెనిమిదేండ్ల పసిదానికి, పెద్దదైన పిదప దాని శరీరముపై హక్కు చెలాయించినది ఊరిలోని మోతుబరులు. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారి వంటివారు ఏండ్లతరబడి పాటుపడగా మద్రాసు రాజధానిలో దేవదాసీ సమర్పణ నిషేధశాసనము 1947వ సంవత్సరమున వచ్చెను. ఆంధ్రప్రదేశమున 1988వ సంవత్సరమున మరియొక చట్టము చేయవలసివచ్చెను. నలుబదియొక్క యేండ్ల పిదప రెండవ చట్టమేల కావలసెనో చదువరులే ఊహింపవచ్చును. వీనియందును మ్రొక్కు పల్లమునకే పారినది. భూస్వామి కూతురెవ్వతె యైనను జోగిని యైనట్లు నేను వినలేదు.

తల్లిదండ్రులు బిడ్డలకై అన్నియు నిర్ణయింతురు గదా, బిడ్డను అడిగియే టీకా వేయింతురా, అడిగియే బడికి పంపుదురా యని యొకరు ప్రశ్నింపవచ్చును. నిజమే. కాని టీకా వేయించునది బిడ్డ మేలునకు. తండ్రి అప్పునకు బిడ్డను హామీగా వ్రాయుట వేరు. పుట్టువెండ్రుకలు తీయించుటవలన బిడ్డకు నష్టము లేదు, వెండ్రుకలు మరల వచ్చును. ఆ వేడుకను నేను తప్పుపట్టను. మరల రానిదానిని మ్రొక్కునప్పుడే ప్రశ్న పుట్టును.

శ్రీరాముని మాట తెచ్చువారును కలరు. కైకకు వరములిచ్చినది దశరథుడు, అడవికి పోయినది రాముడు; పరుల మాటను చెల్లించుటయే గదా రామాయణమని వారందురు. దశరథుడు రాముని పొమ్మని తన నోట ఆజ్ఞాపింపజాలక పోయెను. సరిగదా, నన్ను బంధించి రాజ్యము గైకొనుమని వాల్మీకి రామాయణమున కొడుకును వేడుకొనెను. రాముడు వివాహితుడు, ధనుర్ధరుడు, పురజనులందరును ఆయన పక్షము. కాదనగలవాడు, కాదనలేదు. అందుచేత అది త్యాగమైనది. శునశ్శేపుడు స్తంభమునకు కట్టబడియుండగా, వానిని త్యాగియని పొగడువాడు కత్తి నూరువానికంటె మేలువాడు కాడు.

మ్రొక్కుకొని తప్పినచో అసత్యదోషము రాదా? ఈ భయమే మంచివారిచేత గూడ చెడ్డపని చేయించును. కర్ణపర్వమున అర్జునుని కిట్టి చిక్కే వచ్చినది. తన గాండీవమును పరుల కిమ్మన్నవానిని చంపుదునని యాతడు వ్రతము పట్టియుండెను. ఆ మాట అన్నవాడు ధర్మరాజు. అర్జునుడు కత్తి దూసెను! కృష్ణుడాతనిని మందలించి, దొంగలకు నిజముచెప్పి దారినపోవువారిని చంపించి నరకమునకుబోయిన కౌశికుని కథ చెప్పెను. పిదప, పెద్దవానిని నీవని సంబోధించుట చంపుటతో సమానము, అట్లు పిలిచి నీ వ్రతము తీర్చుకొనుమనెను. పెద్దలను "నువ్వు" అన్నచో ప్రాణము పోయినట్లు భావించు మన యిండ్లలో ఈ యుపాయముయొక్క పదును చక్కగా తెలియును. వ్రతము నిలిచెను, అన్న బ్రతికెను, బాధ మాత్రము అర్జునునికి మిగిలెను.

ధనవిషయమున కంచెర్ల గోపన్న కథ మనకు దగ్గరిది. పాల్వంచ తహసీలుదారుగా నుండి, ప్రభుత్వమునకు చెందవలసిన పన్నుల పైకముతో భద్రాద్రియందు ఆలయము కట్టించి, 1672 మొదలు 1687 వరకు గోలకొండ నేలిన తానీషా కాలమున కారాగృహమున పడెనని ప్రతీతి. భక్తరామదాసుపై నాకు గల గౌరవము ఎవరికిని తీసిపోదు. ఐనను ఆ కథను మనవారు అల్లిన తీరు గమనింపదగినది. రాముడు తానీషాను శపింపలేదు, అప్పు రద్దు చేయుమనలేదు. లక్ష్మణునితోగూడి రాత్రివేళ వచ్చి పైకమంతయు లెక్కవేసి చెల్లించి, రసీదు పుచ్చుకొనెను. తన గుడికైనను పరుల సొమ్ము పరులదేయని దేవునిచేత ఒప్పించినవారు మన పల్లెటూరి జనులే. జీతము బాకీయుంచి అన్నదానము చేయువారికి ఈ రసీదు సంగతి ఎవరైనను గుర్తుచేసిన బాగుండును.

ఇదివరకే పరులపై మ్రొక్కుకొని చిక్కుపడినవారు నన్నడుగుట కలదు. మేకకు మారుగా గుమ్మడికాయ కొట్టుట మన యాచారమందే యున్నది. కోడలి జుట్టునకు మారుగా అత్తగారు తన జుట్టీయవచ్చును; ఆ మాట చెప్పినప్పుడు పెక్కుమంది అత్తగార్లు చటుక్కున లేచిపోవుదురు, కొందరు మాత్రము నవ్వి యొప్పుకొందురు. శునశ్శేపోపాఖ్యానమును రాజసూయమున అభిషిక్తుడైన రాజునకు వినిపింపవలెననియు, చెప్పినవానికి వేయి గోవుల నీయవలెననియు ఐతరేయము విధించినది. రాజునకు మాత్రమే కాదు. కొడుకులు కావలెనని కోరువారును దానిని చెప్పించుకొని వినవలెనని అచ్చటనే యున్నది.