మూడో వరస

పాత కారు కొనడం ఆడపిల్లకి సంబంధం చూడడం కంటే కష్టమని నాకు ఈ మధ్యనే తెలిసింది. సంబంధమైతే నాలుగిళ్ళలో విచారిస్తే అబ్బాయి గుణగణాలు ఎంతో కొంత బయటపడతాయి. కారు గుణం దాని పాత యజమానికీ, వాళ్ళ మెకానిక్కీ తప్ప పరమేశ్వరుడికి కూడా తెలియదు!

మాకు కావలసింది మూడు వరసల బండి. మా కాపురం మదనపల్లెలో. నా పుట్టిల్లు పుంగనూరు. ఆడపడుచునిచ్చింది కుప్పం. పండక్కో పేరంటానికో కుప్పం బయల్దేరామంటే, దారిలో పుంగనూరులో మా అమ్మని ఎక్కించుకుని, పలమనేరు, వి.కోట మీదుగా నూరు కిలోమీటర్ల పైనే పోవాలి. ఇన్నేళ్ళూ బాడుగ బండి మాట్లాడుకునేవాళ్ళం. నా పెళ్ళయిన కొత్తలో టాటా సుమో. తర్వాత క్వాలిస్. అది 2005లో ఆగిపోయి ఇన్నోవా వచ్చాక ఇన్నోవా. బాడుగలు పోను పోను ఎంత పెరిగాయో మీకు చెప్పక్కర్లేదు. అందుకని, పాతదైనా సరే, మనదంటూ ఒకటి ఉండాలని తీర్మానించాం.

ఒకరోజు రాత్రి భోజనాలయ్యాక మావారు వేళ్ళు మడుస్తూ లెక్క చెప్పారు.

"మనం అయిదుగురం. పుంగనూరులో మీ అమ్మ ఎక్కితే ఆరు. చిన్నమ్మ కూడా వస్తే ఏడు. సెవన్ సీటర్ సరిపోతుంది."

చిన్నమ్మ అంటే మా అత్తగారి చెల్లెలు. నాకు చిన్నత్త. చిన్నతనంలోనే భర్త పోతే అక్క దగ్గరికి వచ్చేసింది. నేను కాపురానికి వచ్చేనాటికే ఆ ఇంట్లో ఉంది. నా ఇద్దరు పిల్లలకీ నలుగుపెట్టి నీళ్ళు పోసింది ఆవిడే. ఆ రాత్రి కూడా మాకు రెండు గజాల దూరంలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. పుంగనూరులో వేరే కాపురం ఉన్న మా అమ్మకి "ఎక్కితే" అన్నారు, బాగానే ఉంది. ఒకే ఇంట్లో మాతోబాటు అన్నం తినే మనిషికి "కూడా వస్తే" ఏమిటి? నాకు ఆ మాట చెవిలో గింజ పడ్డట్టు గుచ్చుకుంది. అప్పుడేమీ అనలేదు. అనడానికి ముందు నా సంగతి కూడా చూసుకోవాలి కదా. ఆ "కూడా" నేను ఎన్నిసార్లు అన్నానో!

ఇక వేట మొదలయింది. మా మెకానిక్ కుర్రవాడు నాకు పాఠాలు చెప్పాడు. మీటరు చూపించే కిలోమీటర్లు నమ్మొద్దన్నాడు. దాన్ని వెనక్కి తిప్పేవాళ్ళున్నారట. బ్రేకు పెడలు మీది రబ్బరు చూడమన్నాడు. అది అరిగి నున్నగా ఉండి, మీటరు మాత్రం నలభై వేలు అంటుంటే ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నట్టే, రబ్బరు మాత్రం ఆడదు. టైరు పక్కన నాలుగంకెలు అచ్చేసి ఉంటాయి. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారయిందని. సీటు బెల్టు చివరంటా లాగి చూడాలి. వరదలో మునిగిన బండి అయితే పైకి ఎంత కడిగినా ఆ చివర బురద చార ఉండిపోతుందట. ఇంజను చల్లగా ఉన్నప్పుడే మన ఎదుట స్టార్టు చేయించాలి. బెంగుళూరు బండి అయితే అక్కడి రవాణా ఆఫీసు నుంచి ఎన్.ఓ.సి. తెచ్చుకోవాలి, మళ్ళీ ఇక్కడ జీవితపన్ను కట్టాలి. బ్యాంకు అప్పు తీరినా ఆర్.సి.లో ఆ పద్దు కొట్టేయించారో లేదో చూసుకోవాలి.

ఇవన్నీ వింటుంటే నాకు భయం బదులు ఉత్సాహం వచ్చింది. మదనపల్లెవాళ్ళం మరి! టమాటా బాక్సులో పై వరస చూసి ధర కట్టే ఊరు కాదు మాది. అడుగుదాకా చెయ్యి పెట్టి చూస్తాం.

మొదట మా ఊళ్ళోనే ఒక బండి చూశాం. వెనకవైపు ఎదురుబదురుగా రెండు బల్లలు. పాత బొలెరోల్లో ఉంటాయే, అలాంటివి. అక్కడ కూర్చున్నవాళ్ళు ఒకరి మోకాళ్ళు ఒకరు చూసుకుంటూ పోవాలి. బెల్టుల్లేవు. 2022 సెప్టెంబరులో ముంబై దారిలో కారు ప్రమాదంలో సైరస్ మిస్త్రీగారు పోయినప్పుడు, వెనక సీట్లో బెల్టు పెట్టుకోలేదని దేశమంతా చర్చించుకుంది. అది రెండో వరస సంగతి. మూడో వరస సంగతి ఎవరికి పట్టింది? వద్దన్నాను.

రెండోది పుంగనూరులో. చూడ్డానికి తెల్లగా, పెళ్ళికొడుకులా ఉంది. మూడో వరస మాత్రం ఎంత పొట్టిగా ఉందంటే, ఆ ఊరి పేరుమీద చెప్పుకునే పొట్టి ఆవుని అయితే హాయిగా కూర్చోబెట్టవచ్చు. మావారు దానికి ముచ్చటపడ్డారు.

"వెనక పిల్లలో, చిన్నమ్మో కూర్చుంటారు. ఆవిడ పొట్టిమనిషి. అయినా ఎవరో ఒకరు కూర్చోవాల్సిందే కదా?"

ఈ మాటలో తప్పు పట్టడం కష్టం. ఏడుగురు ఉన్నప్పుడు ఇద్దరు వెనక కూర్చోవాల్సిందే. పొడుగుకాళ్ళవాళ్ళని వెనక్కి తోసి పొట్టివాళ్ళని ముందు కూర్చోబెట్టడం న్యాయమేమీ కాదు. పైగా ఆవిడ ఎప్పుడూ వద్దనలేదు. బండి గుమ్మంలో ఆగగానే, మేమంతా ఎవరెక్కడని చూసుకునేలోపల, "నేను యాడైనా కూసుంటాలే" అంటూ వంగి వెనక్కి దూరిపోయేది. గుప్పిట్లో పెరటి నిమ్మకాయ. మలుపుల్లో కడుపులో తిప్పితే వాసన చూసుకోవడానికి. పిల్లలు "నిమ్మకాయవ్వా" అని ఏడిపిస్తే నవ్వేది. మేమూ నవ్వేవాళ్ళం.

ఆవిడే కూర్చుంటానంది కదా, మన తప్పేముంది? ఇన్నేళ్ళూ నా మనసు నాకు చెప్పిన జవాబు ఇదే. కానీ ఆలోచించండి. వద్దనడానికి వీలున్న మనిషి సరేనంటే అది ఇష్టం. వద్దనే అలవాటే తప్పిపోయిన మనిషి సరేనంటే దాన్ని ఏమనాలి? మా అత్తగారికీ ఆవిడకీ వయసులో తేడా రెండేళ్ళు. అత్తగారి మోకాళ్ళకి ఎక్స్‌రేలున్నాయి, డాక్టరున్నాడు, రాత్రిళ్ళు రాసుకునే నూనె ఉంది. అందుకని ఆవిడకి మధ్య వరసలో కిటికీ పక్క సీటు. చిన్నత్తవీ ఆ తల్లి కడుపునే పుట్టిన మోకాళ్ళే. ఆ నూనె రాసేది ఆవిడ చేతులే. ఆవిడకి నొప్పి ఉందో లేదో మాకు తెలియదు. అడిగితే కదా!

నవలల్లో ఇలాంటి ఆడవాళ్ళని గురించి పేజీలకి పేజీలు రాసినదాన్ని నేను. చదివి కన్నీళ్ళు పెట్టుకున్నామని ఉత్తరాలు రాశారు. ఆ ఉత్తరాలు కట్టకట్టి అటక మీద దాచిందీ చిన్నత్తే.

బి.టి. కాలేజీలో బి.ఏ. చదివే రోజుల్లో జిడ్డు కృష్ణమూర్తిగారి పుస్తకాలు తెగ చదివేవాళ్ళం. 1895లో మా మదనపల్లెలోనే పుట్టిన మనిషి అన్న గర్వం ఒకటి. ఎంచుకోవడమనేది మనసులో గందరగోళం ఉన్నప్పుడే వస్తుందనీ, ఉన్నదాన్ని ఉన్నట్టు చూడగలిగినవాడికి ఎంచుకోవలసిన పనే ఉండదనీ ఆయన చెప్పేవారు. అప్పట్లో నాకు అర్థమయిందనుకున్నాను. ఆయన పుట్టిన ఊళ్ళో కూర్చుని, రెండు నెలలు కాగితాల మీద గళ్ళు గీసి మైలేజీలూ ధరలూ వేసుకున్నదాన్ని, ఒక్కరోజైనా ఆ వెనక సీట్లో కూర్చుని చూశానా?

కూర్చున్నాను, కుప్పంలో.

మూడో బండి అక్కడే ఒక రిటైరయిన మేష్టారిది. ఒకే చేతిలో నడిచిన బండి. కాగితాలన్నీ ఫైలులో వరసగా ఉన్నాయి. పెడలు రబ్బరూ మీటరూ ఒకే మాట చెప్పాయి. టైర్లు మార్చాలని ఆయనే ముందుగా చెప్పేశారు. బండిని శుభ్రంగా కడిగించి, సీట్లు తుడిపించి ఉంచారు.

"వెనక వరస కొత్తదానికింద లెక్కమ్మా. ఎవురూ పెద్దగా కూసోలేదు" అన్నారు.

నేను మధ్య సీటు మడిపించుకుని, చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని, నడుం వంచి లోపలికి దూరాను. ఎక్కడానికే ఆయాసమొచ్చింది. కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఉన్నాయి. కాళ్ళు చాపడానికి లేదు. కిటికీ అద్దం దిగదు. ముందు వాళ్ళు మాట్లాడుకునేది సగం వినిపిస్తుంది, సగం వినిపించదు. మావారు ముందు నుంచి ఏదో జోకు వేస్తే మేష్టారు నవ్వారు. నాకు అర్థం కాకపోయినా నేనూ నవ్వాను. నవ్వాక తెలిసింది, చిన్నత్త నవ్వు ఇదేనని.

అప్పుడే అద్దం మీద చూశాను. తల ఆనించే ఎత్తులో అరచేతి వెడల్పు నూనె మరక. తుడిచినా పూర్తిగా పోలేదు. ఎవరూ కూర్చోలేదన్న వరసలో ఏళ్ళతరబడి ఒక తల ఆనుకుని ప్రయాణం చేసింది. ఎవరని మేష్టారిని అడగలేకపోయాను. ఆయన అబద్ధం చెప్పారని కూడా నేననుకోను. ఆయనకి నిజంగానే గుర్తులేదు.

బండి అదే తీసుకున్నాం. అన్నిటిలోకీ అదే మేలు. వెనక వరస అన్ని బండ్లలోనూ వెనక వరసే కదా.

ఇంటికొచ్చిన మర్నాడు చిన్నత్త దగ్గర కూర్చుని అడిగాను. "కొత్త బండిలో మీరెక్కడ కూర్చుంటారు?"

"యాడైనా కూసుంటాలేమ్మా."

"అట్లా కాదు. మీకు ఎక్కడ ఇష్టం?"

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఇష్టమన్నది ఆవిడకి ఉండదేమో అనుకున్నాను. అది కూడా నా పొరపాటే. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితమయ్యాక, ఆవిడ ఆధార్ కార్డు సంచిలో వేసుకుని ఒక్కతే రెండుసార్లు పుంగనూరు వెళ్ళి మా అమ్మని చూసొచ్చిందని నాకు తెలుసు. ఎక్కడ కూర్చుందో నేనడగలేదు.

"బస్సులో అయితే ముందర, కిటికీ పక్కన కూసుంటానమ్మా. యెవురైనా కూసోనుంటే జరగమని చెప్తా" అంది, కొంచెం సిగ్గుపడుతూ.

"మరి కార్లో?"

"బస్సులో నా కార్డు చూపిస్తాను. కారు మీది కదమ్మా!"

నిష్ఠూరం లేదు ఆ గొంతులో. ఉన్నా బాగుండేది. ఏదో ఒకటి చెప్పి సమాధానపడేదాన్ని.

మొదటి ప్రయాణం ఉగాదికి. ముందు సీట్లో చిన్నత్తని కూర్చోబెట్టి చూశాం. ఎదురుగా వచ్చే లారీలన్నీ తన మీదికే వస్తున్నట్టుందని ఊరు దాటకముందే దిగిపోతానంది. కాళ్ళు పొడుగని మా అబ్బాయి అక్కడికి మారాడు. చిన్నత్త మధ్య వరసలో కిటికీ పక్కకి వచ్చింది. అది మా అత్తగారి కిటికీ. రెండోవైపు కిటికీ మా అమ్మకని ఉంచాం. అత్తగారు నడిమధ్యకి జరిగి, పుంగనూరులో మా అమ్మ ఎక్కి పలకరించినా ముక్తసరిగా జవాబిచ్చి, పలమనేరు దాకా మాట్లాడలేదు. అదీ న్యాయమే. ఒకరికి ఇచ్చిన కిటికీ మరొకరి దగ్గర తీసుకున్నదే కదా. ఆవిడకేం సంజాయిషీ చెప్పాలో నాకిప్పటికీ తెలియదు.

నేనూ మా అమ్మాయీ వెనక ఎక్కాం. పలమనేరు దాటాక అక్కచెల్లెళ్ళిద్దరూ కిటికీలోంచి చూస్తూ, ఎవరి చేలో ఏ పైరు వేశారో చెప్పుకోవడం మొదలుపెట్టారు. అద్దం దించుకున్నారు. మాకు మాటలు సగమే వినిపించాయి. వి.కోట ఇంకా రాలేదు, మలుపు మీద మలుపు. నాకు కళ్ళు తిరిగి, నోట్లో నీళ్ళూరడం మొదలయింది. ముందు సీటు పట్టుకుని వంగి, చిన్నత్త భుజం తట్టాను.

"చిన్నత్తా, ఆ నిమ్మకాయ ఒక్కసారి ఇట్లా ఇస్తారా?"