తాండ్రచెట్టు దగ్గర తేలిన లెక్క

సంక్రాంతి మూడు రోజులూ అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల కోడిపందేల బరుల్లో అసలు పందెంతో పోటీగా పైపందేలు సాగుతాయి. డేగ మీద ఇంత, కాకి మీద ఇంత అని చుట్టూ నిలబడ్డవాళ్లు కాసుకుంటారు. ఏ రోజు, ఏ నక్షత్రానికి ఏ రంగు పుంజు గెలుస్తుందో చెప్పడానికి కుక్కుటశాస్త్రం ఉండనే ఉంది. ఓడితే మాత్రం ‘మన రాత’ అంటారు.

అందులో రాత ఎంత, మనం లెక్కపెట్టక వదిలేసింది ఎంత?

మహాభారతం అరణ్యపర్వంలో దీనికో కథ ఉంది. గోదావరి మీద ఈ ఊళ్లకు ఎగువన, రాజమహేంద్రవరంలో నన్నయ తెలుగు చేసిన నలోపాఖ్యానం అది. జూదంలో రాజ్యం పోగొట్టుకుని, బాహుకుడనే పేరుతో రథం తోలుతున్న నలుడికి రథంలోని రాజు ఋతుపర్ణుడు దారిలో ఒక తాండ్రచెట్టు చూపించాడు. రెండు కొమ్మల మీద ఐదు కోట్ల ఆకులు, 2,095 కాయలు ఉన్నాయన్నాడు. సంస్కృత మూలంలోని అంకెలివి. రాజుగారి మాట కదా అని నలుడు ఊరుకోలేదు. రథం ఆపాడు, చెట్టు నరికాడు, లెక్కపెట్టాడు. సరిపోయింది. అప్పుడు రాజు దగ్గర అక్షహృదయం అనే పాచికల విద్య నేర్చుకున్నాడు. నలుణ్ని ఆవహించి జూదమాడించిన కలిని కర్కోటకుడనే పాము విషం, నలుడి భార్య దమయంతి శాపం అప్పటికే కాల్చుకు తింటున్నా, కలి నలుడి ఒంట్లోంచి బయటపడింది ఈ విద్య అందాకే. ఆ తాండ్రకాయలే వేదకాలపు పాచికలు.

1962లో గణితవేత్త ఎడ్వర్డ్ థార్ప్ ‘బీట్ ద డీలర్’ పుస్తకంలో బ్లాక్‌జాక్ పేకకు ఇలాంటి లెక్కే కట్టాడు. ఆ ఆటలో ఇన్సూరెన్స్ అనే పైపందెం ఉంది. పంచేవాడి ముందు ఆసు తెరిచి ఉంటే, మూసిన ముక్క పది విలువది అని కాయొచ్చు. గెలిస్తే రూపాయికి రెండు. ఒకే పేక అయితే మిగిలిన 51లో అలాంటివి 16. అంటే 32 వస్తే 35 పోతుంది. అయితే ఆ ఆసు కాక, మన చేతిలోవీ కలిపి, పది విలువ లేనివి 12 ముందే కనిపించాయనుకోండి. మిగిలేది 39. ఇప్పుడు 32 వస్తే పోయేది 23.

వెళ్లిన ముక్క ఆ పేకలోకి తిరిగి రాదు కాబట్టే ఇది సాధ్యం. 1967లో కె. సత్యనారాయణ కేసులో రమ్మీ ప్రధానంగా నేర్పు ఆట అన్నప్పుడు సుప్రీంకోర్టు చూసిన కారణాల్లో పడిన ముక్కలు గుర్తుంచుకోవడమూ ఒకటి. బొమ్మల పాచికలతో ఆడే గుండాటలో ఆ దారి లేదు, పడిన బొమ్మే వెంటనే మళ్లీ పడొచ్చు. ఇక కుక్కుటశాస్త్రం మాట. దాన్ని నమ్మి పొలం తాకట్టు పెట్టేముందు, నలుడిలా చెట్టు నరికి చూసిందెవరు?

లెక్క వచ్చినవాడు రానివాడితో ఆడడం ధర్మమా అన్నది ఇంకా కష్టమైన ప్రశ్న. తన రాజ్యం గెలుచుకున్న తమ్ముడు పుష్కరుణ్ని నలుడు ఒక్క పందెంలో ఓడించి రాజ్యం తీసుకున్నాడు. అతని ప్రాణం జోలికి పోకుండా, అతని భాగం అతనికిచ్చి సొంత ఊరికి సాగనంపాడు.