యెరికో ఊట, మన బోరు

పాఠము: 2 రాజులు 2:19–22



ఈ నెల ధ్యానమునకు యెరికో ఊరివారి మొరను తీసికొనుచున్నాను. ఏలీయా ఎత్తబడిన తరువాత ఎలీషా ఆ ఊర దిగియుండగా ఊరివారు అతనియొద్దకు వచ్చిరి. వారు స్వప్నములకు అర్థము అడుగలేదు, శత్రువులపై జయము అడుగలేదు. ఊరు చూడ బాగుగానే యున్నది గాని త్రాగు నీరు చెడ్డది, అందుచేత నేల ఫలింపదని చెప్పుకొనిరి. అది నా పని కాదు, అధికారులయొద్దకు పొండని ప్రవక్త అనలేదు. క్రొత్త పాత్రలో ఉప్పు తెప్పించి, ఊట పుట్టు చోటికి తానే నడిచిపోయి, అందులో వేసి, దేవుడు ఈ నీటిని బాగుచేసెనని ప్రకటించెను. ఉప్పు వేసిన నీరు ఉప్పనగుటయే లోకరీతి, బాగుచేసినది దేవుడు. ఆ ఊట నేటికిని యెరికోలో పారుచున్నది. ఎలీషా పేరుతోనే దానిని పిలుచుచున్నారు.

బత్తలపల్లివారమైన మనకు ఈ కథ దూరపు కథ కాదు. మన సీమకు సాలుకు సరాసరి వాన సుమారు 550 మిల్లీమీటర్లే. మన తాతలు చెరువు నీళ్లు, దిగుడుబావి నీళ్లు, చిత్రావతి ఇసుకలో తీసిన చెలమ నీళ్లు త్రాగి బ్రతికిరి. ఆ నీళ్లలో ఇంకొక మృత్యువు ఉండెను: కలరా, రక్తవిరేచనములు, నారికురుపు. కాలిలోనుండి దారమువలె పురుగు వెడలుటను చూచిన వృద్ధులు మనలో ఇంకను ఉన్నారు. కురుపు కాలితో దిగుడుబావిలో దిగుటవలననే అది ఒకరినుండి ఒకరికి ప్రాకెను. నీళ్లను బట్టతో వడగట్టుడని ఇంటింట చెప్పగా చెప్పగా ఆ వ్యాధి తొలగెను. 2000 సంవత్సరములో మన దేశము దానినుండి విడుదల పొందినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధృవపరచెను. ఒక పాత చీర గుడ్డ ఇంత పని చేసినదని తలంచినప్పుడు నాకు ఆశ్చర్యమగుచున్నది.

క్రిములున్న నీటిని బాగుచేయుట మన తల్లులకు క్రొత్త కాదు. బురద నీటి కడవలోపల చిల్లగింజను అరగదీసి తేర్చుట వారు ఎరుగుదురు. తేరిన నీటిని వడగట్టి, తెరలి పొంగువరకు కాచినయెడల క్రిములు చచ్చును. తొట్టి నీళ్లయితే 1,000 లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగు పొడి కలిపి గంటసేపు ఆగవలెను. నేనును ఇన్ని సంవత్సరములుగా "కాచి త్రాగుడి" అని ప్రతి ఇంట చెప్పుచుంటిని. ఆ మాటవలన నాకు కలిగిన సిగ్గును ఇప్పుడు మీయెదుట చెప్పవలసియున్నది.

మన ఆదివారపు బడిలో ఒక చిన్నది కలదు. పాట పాడునప్పుడు చేతితో నోరు మూసికొనును. పండ్లు గోధుమరంగు చారలు. ఒకనాడు నేను అందరిలో, "పాపా, పండ్లు తోముకొనవా?" అని అడిగితిని. "దినామూ తోముకుంటా అయ్యా" అని తల వంచుకొనెను. తరువాత పాటకు రాలేదు.

అది తోమనందువలన కాదు. మన నేల క్రింది నల్లరాతిలో ఫ్లోరైడు కలదు. బోరులు లోతుకు పోవుకొలది నీరు ఆ రాతిలో ఎక్కువకాలము నిలిచి దానిని కరగించుకొనును. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీరు లేనిచోట 1.5 వరకు. అది కంటికి కనబడదు, వాసన లేదు, రుచి లేదు. పండ్లు ఏర్పడు ఎనిమిదేండ్ల లోపు వయస్సులో అది ఎక్కువైనచో చారలు పడి, తోమినను పోవు. ఏండ్ల తరబడి మిక్కుటముగా త్రాగినవారికి కీళ్లు బిగిసి నడుము వంగిపోవును. అట్లు వంగినదానిని నిలుపు మందు లేదు. తెలుగువారి నెల్లూరు జిల్లాలో వైద్యులు 1937 లోనే దీనిని గుర్తించి వ్రాసిరి. ఇక కాచుట సంగతి వినుడి. కాచినయెడల నీరు ఆవిరియగును గాని ఫ్లోరైడు పోదు. మిగిలిన నీటిలో మరి కొంచెము చిక్కనగును. క్రిములకు నేను చెప్పిన మందు ఈ చెరుపుకు పనికిరాదు.

ఆ పిల్ల అవ్వ యింటికి మొన్న వేసవిలో ప్రార్థనకు పోతిని. ఆమె విధవరాలు, చెంబుతో నీళ్లు తెచ్చెను. నేను సంచిలోనుండి మిషను నీళ్ల సీసా తీసి, "నాకున్నవమ్మా" అంటిని. ఆమె చెంబు పట్టుకొని నిలువబడి, "మీరు తాగరాని నీళ్లు మేము తాగొచ్చునా అయ్యా?" అని అడిగెను. కోపముతో అడుగలేదు. నేను ప్రార్థన చేసితిని గాని ఏమి ప్రార్థించితినో నాకు జ్ఞాపకము లేదు.

సుఖారు బావియొద్ద మన ప్రభువు ఏమి చేసెనో యోహాను 4వ అధ్యాయములో చదువుకొనుడి. యూదులు ముట్టని సమరయ స్త్రీని ఆయన నీళ్లు అడిగెను. చేదుకొనుటకు ఆయనయొద్ద ఏమియు లేదు; ఆమె పాత్రలోనుండియే త్రాగవలెను. ఒక చెంబు బోరు నీళ్లతో నా నడుము వంగిపోదు. నేను మరల ఆ యింటికి పోయి, అడిగి త్రాగితిని. అయితే అంతటితో ఆ పిల్లకు మంచి నీళ్లు దొరకలేదు గదా.

యెరికోలో ఎలీషా ఇంటింటి కుండలో ఉప్పు వేయలేదు, ఊటయొద్దకు పోయెను. మన జిల్లాలో 1995–96లో సత్యసాయి ట్రస్టువారు 700కు పైగా గ్రామములకు త్రాగునీరు తెచ్చిరి. వారు మన సంఘమువారు కారు. అయినను దాహముగొన్నవారికి నీళ్లిచ్చినవారిని మెచ్చుకొనకపోవుట నాకు క్రైస్తవ మర్యాదగా తోచదు. నల్గొండ పేరుతో పిలువబడు పద్ధతి ఒకటి కలదు. నాగపూరు శాస్త్రజ్ఞులు దానిని 1970లలో ఏర్పరచిరి. నీటిలో సున్నము, పటిక కలిపి, త్రిప్పి, తేర్చి, పైనీటిని తీసికొనుటయే అది. కొలత మాత్రము పరీక్షించి చెప్పవలసినది, చేతికి వచ్చినంత పటిక వేయరాదు. మిషను నీరు ఫ్లోరైడును తీయును గాని కొంత నీటిని పారబోయును. దినదినము కొనలేనివారు మనలో ఉన్నారు. రాగిసంకటి, పాలు, మజ్జిగ పిల్లలకు మేలు. టీ ఆకులోనూ ఫ్లోరైడు ఉన్నది గనుక వారికి టీ అలవాటు చేయకుడి.

వాన నీటిలో ఫ్లోరైడు లేదనియే చెప్పవచ్చును. నూరు చదరపు మీటర్ల కప్పుపై మన సాలు వాన 55,000 లీటర్లు. పోయినది పోగా 40,000 నిలిచినను, దినమునకు తలకు 5 లీటర్ల చొప్పున ఇరువదిమందికి సంవత్సరమంతయు త్రాగుటకు, వండుటకు చాలును. మొదటి వాన వదలివేయవలెను, తొట్టిని మూయవలెను, త్రాగు నీటిని కాచవలెను. మన గుడికి కప్పు కలదు. క్రిస్మసుకు గోడల రంగు నిమిత్తము కూర్చిన సొమ్ము కలదు. ఈ సంవత్సరము రంగు ఆపి తొట్టి కట్టుదమని కమిటీయెదుట పెట్టుచున్నాను. ఇద్దరు పెద్దలకు ఇది ఇష్టము లేదు. వారి మాటయు సభలో విందము.

ముందుగా ఏ బోరు ఎట్టిదో తెలియవలెను. వచ్చు ఆదివారము ప్రతి ఇంటివారు శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసాను ఆ నీళ్లతోనే మూడుసార్లు కడిగి, నిండ పట్టి, బోరు ఉన్న చోటు కాగితముపై వ్రాసి అంటించి తీసికొనిరండి. యౌవనులు సోమవారము గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలకు పట్టుకొనిపోవుదురు. ఆ అవ్వ యింటి సీసాను నేనే మోసికొనివత్తును.