‘లేదు’ అనడానికి ఎంత లోతు తవ్వాలి?

బాపట్ల ఇసుక నేలలో ఓ పాత పెట్రోలు బంకు మూతపడిందనుకుందాం. భూమిలోని ట్యాంకులు పెకలించారు, గుంత పూడ్చారు. రేపో మాపో అక్కడ ఇళ్ళు లేస్తాయి, బోర్లు పడతాయి. అంతకుముందు ఎవరో ఒకరు సంతకం పెట్టి చెప్పాలి, ఈ మట్టిలో చమురు లేదని. ఉన్నదాన్ని చూపించవచ్చు. మరి లేనిదాన్ని?

ఈ ప్రశ్న ప్రయోగశాలలకంటే చాలా పాతది. మీమాంసకుడు కుమారిలభట్టు, కనబడకపోవడం కూడా ఒక ప్రమాణమేనన్నాడు, అంటే నిజాన్ని తెలుసుకునే సాధనమే. దాని పేరు అనుపలబ్ధి. నేల మీద కుండ కనబడలేదు, కాబట్టి అక్కడ కుండ లేదు. అయితే చీకటి గదిలో నిలబడి ఈ మాట అంటే చెల్లదు. ఉంటే కనబడి తీరాల్సిన చోట కనబడకపోతేనే ‘లేదు’ రుజువవుతుంది. దీన్నే యోగ్యానుపలబ్ధి అన్నారు. న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు అనుపలబ్ధిని విడి ప్రమాణంగా ఒప్పుకోలేదు గానీ ఆ షరతును వదల్లేదు. వారిలో తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్యలోనూ అది ఉంది.

మట్టి నమూనాలకు ప్రణాళిక వేయడమంటే ఈ యోగ్యతను సంపాదించుకోవడమే.

1945లో వ్యవసాయ కళాశాల వెలసిన బాపట్లకు భూసార పరీక్ష కొత్తేమీ కాదు. పొలంలో అక్కడక్కడా ‘వి’ ఆకారంలో జానెడు గుంతలు తీసి, అంచు మట్టి చెక్కి, గోనెపట్టా మీద అంతా కలుపుతారు. నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు పారేస్తూ అరకిలో మిగుల్చుతారు. రైతుకు కావలసింది పొలం సగటు. చమురు వెతికేవాళ్ళు ఇలాగే చేస్తే నిజం జారిపోతుంది. ఒకచోట చిక్కగా ఉన్న మరక పదిచోట్ల మంచిమట్టిలో పలచబడుతుంది. కలిపేటప్పుడే బెంజీన్ వంటివి గాలిలోకి ఎగిరిపోతాయి. అందుకే ఆ మట్టిని కలపకుండా, సీసాలో ఖాళీ మిగలకుండా నింపి, మూత బిగించి, ఐసు పెట్టెలో పంపాలి.

ఎక్కడ తీయాలి? ట్యాంకు ఆనిన అడుగున, గుంత పక్కగోడల్లో, పైపుల అతుకుల దగ్గర, ట్యాంకరు ఇంధనం దించిన చోట, పంపు దిమ్మ కింద. పోల్చడానికి దూరంగా, భూగర్భజలం వచ్చే ఎగువ దిక్కున మరొకటి. ఆ జలం ఎటు పారుతోందో తెలియాలంటే కనీసం మూడు బోర్లు కావాలి, ఒకే వరుసలో కాదు, త్రిభుజంలా.

ఎంత లోతు? ఇక్కడే బాపట్ల ఇసుక గట్టిగా మాట్లాడుతుంది. పెట్రోలు నీటికంటే తేలిక. ఇసుకలోంచి దిగి, నీటిమట్టం మీద పరుచుకుంటుంది. ఈ తీరంలో రైతులు తోడుకునే దొరువులకు, అంటే ఇసుకలో తవ్విన లోతు తక్కువ గుంతబావులకు, ఆధారమూ ఆ పైపొరే. అడుగున ఉప్పునీరు, దాని మీద తేలే మంచినీరు. మనిషి తోడుకునే పొరా, చమురు చేరే పొరా ఒకటే! వానలకు నీరు లేచి, ఎండలకు దిగేకొద్దీ చమురూ లేచి దిగుతూ మధ్యనున్న ఇసుకకంతా పూసుకుంటుంది. వేసవి నీటిమట్టం దాకా పోకుండా పైపైన తీసిన మట్టిలో చమురు దొరకలేదనడం చీకటి గదిలో కుండ లేదనడమే.

పృథివి, అంటే మట్టి, లక్షణం గంధమని తర్కశాస్త్రం చెబుతుంది. నీటికి వాసన వస్తే అది నీటిది కాదు, అందులో కలిసిన పృథివిది అని కూడా వాదిస్తుంది. వాసన బయటి కల్తీని పట్టిస్తుందన్న ఆ చూపు గొప్పది. కానీ ముక్కు ఒక్కటే చాలదు. రక్తక్యాన్సర్‌కు కారణమయ్యే బెంజీన్‌కు తాగేనీటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. అంతకు వందల రెట్లు ఉంటేగానీ వాసన తెలియదు.

2013లో చెన్నై తండయార్‌పేటలో ఇళ్ళ బోర్లలోంచి నీళ్ళతోపాటు చమురు పైకొచ్చింది. భూమిలోని పైపులైను కారింది. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. బోరులో చమురు కనబడేదాకా ఆ ఇళ్ళవాళ్ళకు కింద ఏమీ లేనట్టే.

సంతకం పెట్టేవారు పొరబడితే అనుభవించేది ఆ నీళ్ళు తాగే పిల్లలు. కాబట్టి రుజువు భారం ‘లేదు’ అనేవారిదే. నిజాయితీ గల నివేదికలో ఆ మాట ఒంటరిగా ఉండదు. ఏ చోట, ఏ లోతున, ఏ తేదీన, ఎంత తక్కువ మోతాదు దాకా వెతికారో పక్కనే ఉంటుంది. స్థలం కొనేవాళ్ళు ఆ కాగితంలో ముందు వెతకాల్సింది చివరి వాక్యాన్ని కాదు. ట్యాంకు కింద నమూనా తీశారా? వేసవి నీటిమట్టం దాకా తవ్వారా? ఆ రెండు గళ్ళూ ఖాళీగా ఉంటే, బోరు లారీని వెనక్కి పంపి, మళ్ళీ తవ్వించమని అడగాలి.