నీళ్లు పడటం

కొత్త ఊరు వెళ్లి జలుబు చేసినా, కడుపు పాడైనా మనం ఎవర్నీ తిట్టం. "నీళ్లు పడలేదు" అని ఊరుకుంటాం. ఎంత మర్యాదైన మాటో చూడండి! తప్పు నీళ్లదీ కాదు, తాగినవాళ్లదీ కాదు. ఇద్దరికీ పొత్తు కుదరలేదు, అంతే.

ఈ మాట మనకంటే గాజుతొట్టిలో చేపకు ఎక్కువ వర్తిస్తుంది. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న మద్నూర్ లాంటి ఊళ్లలో ఒకప్పుడు నీళ్లంటే బావీ, చేదా, బోరింగూ. 2016లో మొదలైన మిషన్ భగీరథతో శుద్ధిచేసిన నీళ్లు గొట్టాల్లో ఊళ్లకొచ్చాయి. ముందుగదిలో రెండు బంగారు చేపలుండాలని పిల్లలు మారాం చేస్తే కాదనేదెవరు? ఆదివారం ఇల్లాలు తొట్టి తళతళలాడేలా కడిగి, కుళాయి తిప్పి నిండా నీళ్లు పడుతుంది. సాయంత్రానికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి.

కారణం క్లోరిన్. అలాగని దాన్ని తిట్టడానికీ లేదు. 1908 సెప్టెంబరు 26న అమెరికాలో జెర్సీ సిటీ నీళ్లలో నిత్యం క్లోరిన్ కలపడం మొదలెట్టారు. సరిగ్గా రెండ్రోజులకు మూసీ వరద హైదరాబాదులో వేలమందిని పొట్టన పెట్టుకుంది. నీరు ప్రాణం తీయగలదని ఒక ఊరు ఏడుస్తున్న వారంలోనే, నీటిలో దాగిన టైఫాయిడ్‌ను చంపే దారి ఇంకో ఊరు పట్టింది.

కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని మన ప్రమాణం. ఆ కాస్తా మనకు రక్ష, చేపకు శిక్ష. ఎందుకంటే మనం నీళ్లు తాగుతాం. చేప నీళ్లనే పీలుస్తుంది. మన నోట్లో, కడుపులో విరిగిపోయే క్లోరిన్ దాని మొప్పల పలుచని పొరను కాల్చేస్తుంది.

మరి తప్పెవరిది? "మంచి మనసుతోనే చేశాను" అంటే సరిపోతుందా? చెరువులో చేప నీళ్లు పడకపోతే మరోవైపు ఈదిపోతుంది. తొట్టిలో చేపకు ఆ దారి మనమే మూశాం. ఎవరి దారి మూశామో వాళ్లకేది పడుతుందో తెలుసుకునే పూచీ కూడా మనదే. మృగశిర నాడు చేపలకూర వండుకునేవాళ్లకు ఇంత జాలేమిటని నవ్వకండి. కూరకు కొన్న చేపకు పెంచుతామని మనం మాటివ్వలేదు!

ఉపాయం చిన్నదే. వెడల్పాటి బకెట్లో పట్టి ఒకరోజు నిలవుంచితే విడి క్లోరిన్ చాలావరకు ఎగిరిపోతుంది. అమ్మోనియా కలిసిన క్లోరమైన్ మాత్రం అలా లొంగదు. చేపల దుకాణంలో అమ్మే మందుచుక్కలు వేయాలి. నీళ్లు కూడా ఒక్కసారే అన్నీ మార్చకుండా నాలుగోవంతు మారిస్తే చాలు.

ఇంటికొచ్చిన కోడలితో "మా కాలంలో మేమిలాగే సర్దుకున్నాం" అంటాం. హాస్టల్లో ఏడ్చే పిల్లాడితో "ఇదంతా నీ మంచికే" అంటాం. రెండూ శుద్ధమైన మాటలే. మనల్ని కాపాడిన మాటలే. కానీ మనం ఆ నీళ్లు గుక్కెడు తాగి పక్కకు తప్పుకుంటాం. వాళ్లు రాత్రింబవళ్లు అందులోనే పీల్చి బతకాలి. కాస్త నిలవుంచి, కొద్దికొద్దిగా పోస్తే మన సొమ్మేం పోయింది?