శరదృతువు – మనశ్శాంతి – కాయకధర్మము

శరత్కాలమనగానే నిర్మలమైన ఆకాశము, పండువెన్నెల స్ఫురించును. కాని హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల రైతునకు ఆశ్వయుజ కార్తికములు లెక్కలు తేలు మాసములు. ఆషాఢమున విత్తిన వేరుశనగ సుమారు నాలుగు నెలలకు చేతికి వచ్చు దినములివి. పడమటి కనుమల వర్షచ్ఛాయలో నున్న ఈ సీమలో ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటు ఇటుగా మాత్రమే. ఊడలు దిగువేళ వాన తప్పిన కాయ పట్టదు. పెరికిన చెట్లు చేనిలో నుండగా వాన కురిసిన కాయకు బూజు పట్టును. ధర్మవరమున ముడిపట్టు ధర పెరిగి, నేసిన చీర అమ్ముడుపోనినాడు నేతకాని యింటను ఇదే దిగులు.

శీతల దేశములలో శరత్తు చివర పగలు తగ్గుటవలన కొందరిని కుంగుబాటు ఆవరించునని 1984లో నార్మన్ రోసెంతాల్ అను వైద్యుడు, ఆయన సహచరులు వివరించిరి. ఈ సీమలో మిక్కిలి దీర్ఘమైన పగటికిని మిక్కిలి హ్రస్వమైన పగటికిని రెండు గంటల భేదమైనను లేదు. కనుక ఇచ్చటి శరత్కాలపు దిగులునకు కారణమును ఆకాశమునందు కంటె చేనియందును, మగ్గమునందును, అప్పుల పద్దునందును వెదకుట ఉచితము.

ఇచ్చట నొక ధర్మసందేహము పుట్టుచున్నది. బసవేశ్వరుడు కాయకమును పూజగా నిలిపినాడు. అట్టి సంప్రదాయమున పెరిగిన వాడొకడు తెల్లవారినను పక్కపైనుండి లేవలేకున్నాడు. మగ్గము ముందు కూర్చున్నను చేయి కదలదు. అతడు కాయకము తప్పినవాడా? ఇరుగుపొరుగువారు సోమరియందురు, బంధువులు భక్తి చాలదందురు. అన్నిటికంటె కష్టమేమనగా, అతడును అట్లే తలచును. ఊరటనీయవలసిన ధర్మమే అతనిపాలిట కొరడాయగును.

శరణుల జీవితములను పరికించిన ఈ సందేహము తీరును. ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపుగింజల నేరుకొని దాసోహము చేసినవాడు. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినప్పుడు అతని ధర్మపత్ని లక్కమ్మ వాటిని తిరిగి అచ్చటనే వేసి రమ్మన్నదని కథ. ఆ దంపతుల కాయకమునకు విలువ గింజల రాశివలన రాలేదు, చిత్తశుద్ధివలన వచ్చినది. నిజాయితీతో దున్ని విత్తినవాని కాయకము ఆనాడే శివార్పితమైనది. పిదప పది మూటలు పండినను, రెండే పండినను, ఆ అర్పణమునకు లోపము లేదు.

మనోవ్యాధియు వ్యాధియే. కాలు విరిగినవానిని మగ్గము తొక్కుమని యెవరును నిర్బంధింపరు. కుంగిన మనస్సునకును ఆ దయయే చెల్లవలెను.

మరియు కాయకమునకు దాసోహము జంట. దాసోహమున ఇచ్చువాడు ఎంత అవసరమో, పుచ్చుకొనువాడును అంతే అవసరము. పుచ్చుకొనుట అవమానమైనచో ఇచ్చుట అహంకారమగును. నిన్న పదిమందికి అన్నము పెట్టిన చేయి నేడు ఒకరి ఆసరాను అందుకొనిన తప్పేమి? అనుభవమంటపమున మడివాలుడు, నులక పేనువాడు, స్త్రీలు తమ లోపలి సంగతిని నిస్సంకోచముగా పలికిరి. మనస్సులోని బాధను తనవారియెదుట చెప్పుకొనుట ఈ సంప్రదాయమునకు కొత్తది కాదు.

పంట పోయినప్పుడు దుఃఖము సహజము. కాని రెండు వారములు గడచినను నిద్ర పట్టక, అన్నము సహింపక, దేనియందును ఆసక్తి లేక, తాను ఇంటికి భారమను మాట వినవచ్చినచో దానిని వ్యాధిగా గుర్తింపవలెను. చావును గూర్చి పలికినవానిని మందలింపరాదు, ఒంటరిగా విడువరాదు, సూటిగా అడిగి, ఓర్పుతో వినవలెను. పురుగుమందును అతనికి అందని చోట, తాళము వేసి, మరియొకరి వశమున నుంచవలెను. మద్యము దిగులును తీర్చదు, పెంచును. వేళకు నిద్ర, ఉదయపు నడక, ఇష్టలింగపూజ, పదిమందితో పంక్తిభోజనము మేలు చేయును గాని, అవి వైద్యమునకు బదులు కావు. వైద్యుడిచ్చిన మందు పనిచేయుటకు కొన్ని వారములు పట్టును. కొంచెము తేలికపడినదని మధ్యలో మానరాదు.

సహాయము దూరమున లేదు. పొరుగున నున్న బళ్లారి జిల్లాలో, 1980వ దశకమున, బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థవారు ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల వైద్యులకు శిక్షణనిచ్చి, మనోవ్యాధులకు ఊరి చెంతనే చికిత్స సాధ్యమని నిరూపించిరి. ఆ నమూనాపైననే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య పథకము దేశమున ఆరంభమైనది. 2022 అక్టోబరు 10వ తేదీన ప్రారంభమైన టెలీ మానస్ సేవ 14416 సంఖ్యపై రేయింబవళ్లు ఉచితముగా లభించుచున్నది; తెలుగులోనే మాట్లాడవచ్చును.

మఠములకును ఇందు పాత్ర కలదు. కార్తిక సోమవారమున భక్తులు దీపము వెలిగించి స్వామివారి పాదములకు మ్రొక్కునప్పుడు, ఇంటింటికి జంగమమూర్తి విచ్చేసినప్పుడు, సాధారణముగా వినవచ్చు ప్రశ్న ‘ఈ యేడు ఎన్ని మూటలైనవి?’ అని. దానికి ముందు ‘రాత్రి నిద్ర పట్టుచున్నదా, నాయనా?’ అని అడుగవచ్చును. జవాబు చెప్పుటకు అతనికి కొంత వేళ పట్టవచ్చును. అంతవరకు కదలక కూర్చుండి వినుటయు దాసోహమే.